బొమ్మకు ఫోటో ఉంది, చేసినవాళ్లకు పేరేదీ?

దోహాలోని నేషనల్ మ్యూజియం ఆఫ్ ఖతార్‌లో బరోడా ముత్యాల తివాచీ ఉంది. 1865 ప్రాంతంలో గైక్వాడ్ ఖండేరావు మహారాజు దాన్ని చేయించాడు. మదీనాలో ప్రవక్త సమాధికి కానుకగా పంపాలని ఆయన సంకల్పించాడని చెబుతారు. దానిమీద దాదాపు 15 లక్షల ముత్యాలున్నాయి. ఈ గల్ఫ్ సముద్రపు అడుగు నుంచి గజ ఈతగాళ్లు ఊపిరి బిగబట్టి తెచ్చిన ముత్యాలవి. 2009లో సోథెబీస్ సంస్థ దోహాలోనే వేలం వేస్తే ఆ తివాచీ 55 లక్షల డాలర్ల దాకా పలికింది. చేయించిన రాజు పేరు మనకు తెలుసు. ముత్యాల లెక్క తెలుసు, ధర తెలుసు, అమ్మిన కంపెనీ కూడా తెలుసు. ఆ ముత్యాలను ఒక్కొక్కటిగా గుచ్చి కుట్టినవాళ్లెవరో మాత్రం తెలియదు. రాజుల కాలం కాబట్టి అలా జరిగిందిలే అని సరిపెట్టుకోవచ్చు. కానీ కెమెరా, అచ్చు, ఇంటర్నెట్ అన్నీ అందుబాటులో ఉన్న ఈ కాలంలోనూ హస్తకళల మీద వచ్చే ఖరీదైన ఫోటో పుస్తకాలు చాలావరకు ఆ రాజుల పద్ధతిలోనే నడుస్తున్నాయి. సొమ్మొకడిది, సోకొకడిది అన్నట్టు, పని చేసినవారు ఒకరు, అట్టమీద పేరుండేది ఇంకొకరిది.

హస్తకళల ఫోటో పుస్తకాన్ని చూడగానే కాగితం ఎంత మందంగా ఉంది, రంగులు ఎంత బాగా అచ్చయ్యాయి, ఫోటోగ్రాఫర్ వెలుగునీడలను ఎలా పట్టాడు అని మెచ్చుకోవడం మనకు అలవాటు. అవన్నీ రెండో వరుసలో చూడాల్సినవి. అంతకంటే ముందు రెండు ప్రశ్నలు వేయాలి. కెమెరా బయటికి తీసే ముందు ఎవరిని అడిగారు? ఫోటో కింద ఎవరి పేరు వేశారు? ఈ రెండింటికీ సమాధానం చెప్పగలిగిన పుస్తకం కళాకారుడికి పనికొస్తుంది. చెప్పలేనిది ఎంత అందంగా ఉన్నా కళాకారుడి చేతిలోంచి బొమ్మను లాక్కోవడానికే సాయపడుతుంది. మన కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక, చేర్యాల కళల మీద పుస్తకాలు, ప్రత్యేక సంచికలు వేసే ఉత్సాహం దేశంలోనూ, ఇక్కడ గల్ఫ్‌లోని తెలుగువారిలోనూ ఉంది. అందుకే ఈ విషయంలో నూట పాతికేళ్ల చేదు, తీపి రెండూ చవిచూసిన ఒక సమాజం అనుభవాన్ని ముందుగా చదువుకోవడం మంచిది. అమెరికాలోని హోపీ, జూని ఆదివాసులది ఆ అనుభవం. వారి కచీనా బొమ్మల మీద వచ్చినన్ని ఫోటో పుస్తకాలు చెక్క బొమ్మలు చేసే మరే చిన్న సమాజం మీదా రాలేదంటే పెద్దగా అతిశయోక్తి కాదు.

హోపీలు అరిజోనా రాష్ట్రపు ఈశాన్యంలో మూడు బల్లపరుపు గుట్టల మీద, వాటి చుట్టుపక్కల ఊళ్లలో ఉంటారు. జూనిలది పక్కనున్న న్యూమెక్సికో రాష్ట్రపు పశ్చిమ కొస. వారి భాషలకు ఒకదానితో మరొకదానికి చుట్టరికం లేదు గానీ, నమ్మకాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. వానను, పంటను, క్షేమాన్ని తెచ్చే దివ్యశక్తులను కచీనాలంటారు. హోపీల నమ్మకం ప్రకారం డిసెంబరులో పగలు అతి చిన్నదయ్యే రోజులకు కచీనాలు ఊళ్లలోకి రావడం మొదలవుతుంది. జులైలో వీడ్కోలు నృత్యం ముగిశాక అవి శాన్ ఫ్రాన్సిస్కో శిఖరాలకు తిరిగి వెళ్లిపోతాయి. ఫిబ్రవరిలో చిక్కుడు మొలకల పండుగనాడు, మళ్లీ జులైలో వీడ్కోలునాడు ఆడపిల్లలకు కచీనా రూపాల చిన్న బొమ్మలు అందుతాయి. కాటన్‌వుడ్ చెట్టు వేరును చెక్కి, తెల్లమట్టి పూత పూసి, ఆపైన రంగులు వేసి, ఈకలు కట్టి వాటిని చేస్తారు. ఇంట్లో గోడకో దూలానికో వేలాడదీస్తారు. ఏ రూపం ఎవరిదో పిల్ల వాటిని చూస్తూ పెరుగుతుంది. దాన్ని ఎవరు చెక్కారన్న ప్రశ్న అక్కడ పుట్టదు. కచీనాల చేతుల మీదుగా వచ్చిన కానుకకు సంతకంతో పనేముంది?

1880లలో రైలు ఉత్తర అరిజోనాకు చేరాక ఈ కథ మలుపు తిరిగింది. రైలు వెంట యాత్రికులు వచ్చారు, వారి వెనకే మ్యూజియాల కోసం వస్తువులు కొనేవారు, వ్యాపారులు వచ్చారు. జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ అనే పరిశోధకుడు హోపీ చిత్రకారుల చేత కచీనాల రూపాలు గీయించి 1903లో ప్రభుత్వ సంస్థ తరఫున పుస్తకంగా తెచ్చాడు. గీసినవారి పేర్లు చెప్పడం అతను చేసిన మంచిపని. అయితే ఇలా బొమ్మలు గీయడం చేతబడి లాంటిదని ఊళ్లో అనుమానం పుట్టిందని కూడా అతనే రాశాడు. అంటే అడగాల్సింది చిత్రకారుణ్ణి ఒక్కణ్ణే కాదని అప్పుడే తేలింది. ఆ తరువాత వచ్చిన పుస్తకాల్లో అన్నిటికంటే ప్రభావం చూపింది నార్తర్న్ అరిజోనా మ్యూజియం వ్యవస్థాపకుడు హెరాల్డ్ కోల్టన్ 1949లో తెచ్చిన గుర్తింపు పుస్తకం. ముఖం ఏ ఆకారంలో ఉంది, చెవులెలా ఉన్నాయి, బుగ్గ మీద గుర్తేమిటి అని చూసుకుంటూ పోతే బొమ్మ ఏ కచీనాదో తేల్చుకునేలా రెండు వందల యాభైకి పైగా రూపాలకు అంకెలు వేశాడు. పరిశోధకుడికి అది వరం. కానీ కొనేవాళ్ల చేతికి వెళ్లాక అది సరుకుల పట్టికలా మారింది. ఈ అంకె నా దగ్గర ఉంది, ఆ అంకె లేదు అనుకుంటూ సేకరించే వెర్రికి అది ఊతమిచ్చింది. పండుగ క్రమంలో, వావివరసల మధ్య, ఒక పిల్ల ఎదుగుదలలో అర్థమున్న బొమ్మ ఆ పుస్తకంలో కేవలం అంకెగా మిగిలింది.

బజారు గిరాకీ పెరిగేకొద్దీ బొమ్మ కూడా మారింది. గోడకు వేలాడే నిటారు బొమ్మ పీట మీద నిలబడి నాట్యమాడే శిల్పమైంది. పుస్తకంలో రంగులు, ముఖం, ఈకల అమరిక అన్నీ కనిపిస్తున్నప్పుడు చూసి చేయడం ఎవరికైనా సాధ్యమే. హోపీలు కానివారు చేసిన నకళ్లు సందు సందునా దుకాణాలకెక్కాయి. ఆదివాసులు చేయని వస్తువును ఆదివాసుల పనిగా చెప్పి అమ్మడాన్ని 1990లో వచ్చిన అమెరికా చట్టం జైలుశిక్ష దాకా తీసుకెళ్లింది. అయినా నకిలీ ఆగలేదు. నకిలీని పట్టుకోవాలంటే అసలు చేసినవారెవరో తెలియాలి కదా. ఇక్కడే ఒక చిన్న విషయం దగ్గరగా చూడాలి. కోల్టన్ మ్యూజియంలోనే పనిచేసిన జిమ్మీ కెవన్‌వైటెవా తన బొమ్మల మీద పొడి అక్షరాలు వేసిన తొలి హోపీ శిల్పి అని చెబుతారు. సంతకం అక్కర్లేని సంప్రదాయంలోంచి వచ్చిన మనిషి సంతకం ఎందుకు చేయాల్సి వచ్చింది? బొమ్మ ఊళ్లో ఉన్నంతకాలం పేరు అవసరం లేదు. ఎవరి చెయ్యి ఎలా ఉంటుందో ఊళ్లో అందరికీ తెలుసు. బొమ్మ ఊరు దాటిన రోజు నుంచి పేరు కావాలి, లేకపోతే దాన్ని ఎవరైనా తమదని చెప్పుకోవచ్చు. నేను చెప్పదలచిన విషయమంతా ఈ పొడి అక్షరాల్లో ఉంది.

పుస్తకాలు కూడా ఈ పాఠం మెల్లగా నేర్చుకున్నాయి. అరిజోనా సెనేటర్ బ్యారీ గోల్డ్‌వాటర్ తాను పోగుచేసిన 437 కచీనా బొమ్మలను 1964లో ఫీనిక్స్ నగరంలోని హర్డ్ మ్యూజియానికి ఇచ్చాడు. చాలా ఏళ్లపాటు జనం నోట అది గోల్డ్‌వాటర్ సేకరణే. ఆ మ్యూజియం సహకారంతోనే 1995లో ఆల్ఫ్ సెకకుకు అనే హోపీ రచయిత కచీనా సంప్రదాయం మీద ఫోటోలతో పుస్తకం తెచ్చాడు. అందులో బొమ్మల వరసను అంకెలు నిర్ణయించవు, హోపీల పండుగల ఏడాది నిర్ణయిస్తుంది. ఏ నెలలో ఎవరు వస్తారు, ఎందుకు వస్తారు అన్న క్రమంలోనే పాఠకుడు బొమ్మను చూస్తాడు. అంతకు నాలుగేళ్ల ముందు, 1991లో, హెల్గా టైవస్ అనే ఫోటోగ్రాఫర్ బొమ్మలతోపాటు చెక్కినవారిని కూడా పేరుపేరునా చూపించి, వారి మాటలు కూడా చేర్చి పుస్తకం వేసింది. జూనిల విషయంలో 1985లో బార్టన్ రైట్ తెచ్చిన గ్రంథానికి చిత్రాలు గీసింది డ్యూయేన్ డిష్టా అనే జూని కళాకారుడే. ఈ మూడు పుస్తకాలూ అందంలో పాతవాటికి తీసిపోవు. పేరు వేస్తే పేజీ పాడవుతుందనీ, సమాజాన్ని కలుపుకుంటే పుస్తకం పలచబడుతుందనీ అనేవారికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

పేరు సంగతి అలా ఉంటే, అనుమతి సంగతి ఇంకా లోతైనది. యాత్రికుల కెమెరాల తాకిడి భరించలేక ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లోనే హోపీలు తమ క్రతువుల దగ్గర ఫోటోలను నిషేధించారు. ఇవాళ్టికీ ఆ ఊళ్లలో ఫోటో తీయకూడదు, బొమ్మ గీయకూడదు, పాట రికార్డు చేయకూడదు. అదే హోపీలు బొమ్మలు చెక్కి అమ్ముతారు, వాటి ఫోటోలకు అభ్యంతరం చెప్పనివారూ వారిలో ఎందరో ఉన్నారు. ఇందులో వైరుధ్యమేమీ లేదు. ఏది బయటికి వెళ్లవచ్చో, ఏది వెళ్లకూడదో నిర్ణయించే హక్కు తమదని వారంటున్నారు, అంతే. 2013 ఏప్రిల్‌లో పారిస్‌లో హోపీల పవిత్రమైన ముసుగులు సహా డెబ్బై వస్తువులను వేలానికి పెట్టినప్పుడు ఈ గీత ప్రపంచానికంతటికీ కనిపించింది. హోపీల దృష్టిలో అవి ప్రాణమున్న నేస్తాలు. వేలం ఆపాలని కోర్టుకెళ్లినా ఫలితం లేకపోయింది. అమ్మకం దాదాపు 9 లక్షల 30 వేల యూరోలకు చేరింది. అదే ఏడాది డిసెంబరులో మరో వేలం జరిగితే అన్నెన్‌బర్గ్ ఫౌండేషన్ 24 వస్తువులను కొని సొంతదారులకే తిరిగి పంపింది. వేలం సంస్థలు ముందుగా చేసిన పని ఏమిటి? నిగనిగలాడే కేటలాగు వేయడం. ముసుగులు ఇంటికి తిరిగి రావచ్చు గానీ, అచ్చైన ఫోటోలు తిరిగి రావు.

జూనిల అనుభవం ఇంకాస్త ముందుకు తీసుకెళ్తుంది. 1950లలో కొలరాడో రాష్ట్రంలోని కొషారే అనే స్కౌట్ బృందం కుర్రాళ్లు అచ్చులో ఉన్న గ్రంథాలను ఆధారం చేసుకుని జూనిల షలాకో దేవతల ముసుగులకు నకళ్లు చేశారు. వాళ్ల ఉద్దేశంలో అది అభిమానమే. జూని పెద్దలు వెళ్లి చూశారు. నకళ్లని కొట్టిపారేయలేదు. ఆ రూపం అంత సరిగ్గా వచ్చాక అది దైవమేనని భావించి, వాటిని అడిగి తీసుకుని తమ ఊరికి చేర్చుకున్నారు. పుస్తకంలో పడిన బొమ్మకు అంత శక్తి ఉంటుందని పుస్తకం వేసినవారు ఊహించి ఉండరు. జూనిల యుద్ధదేవతల చెక్క విగ్రహాల సంగతి మరొకటి. వాటిని ఆరుబయట గుళ్లలో ప్రతిష్ఠిస్తారు. ఎండకు ఎండి వానకు తడిసి మట్టిలో కలిసిపోవడమే వాటి ధర్మం. దొంగల ద్వారా, సేకర్తల ద్వారా మ్యూజియాలకు చేరిన ఆ విగ్రహాలను 1978 నుంచి జూనిలు తిరిగి అడగడం మొదలుపెట్టారు. 1990ల తొలి రోజులకల్లా అరవైకి పైగా తిరిగి తెచ్చుకుని మళ్లీ ఆరుబయటే పెట్టారు. వినాయక చవితి తరువాత విగ్రహాన్ని చెరువులో కలిపే మనకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. చేర్యాల పటం చిరిగి పాతబడితే నీళ్లలో నిమజ్జనం చేసే ఆనవాయితీ మనకూ ఉండేది. దాచిపెట్టడమే గౌరవం అని అన్ని సమాజాలూ అనుకోవు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ఎవరో ఒకరు వచ్చి ఫోటో తీయకపోతే ఎన్నో కళలు జాడ లేకుండా పోయేవి కదా అంటారు. నిజమే, దానికి సాక్ష్యం ఈ ఖతార్‌లోనే ఉంది. 1959లో డెన్మార్క్ నుంచి క్లాస్ ఫెర్డినాండ్ అనే మానవశాస్త్రవేత్త, యెట్టే బాంగ్ అనే మహిళా ఫోటోగ్రాఫర్ ఇక్కడి ఎడారిలో అల్ ముర్రా, అల్ నయీమ్ తెగల గుడారాల మధ్య ఉండి వారి జీవితాన్ని చిత్రించారు. మేక వెంట్రుకలతో నేసిన నల్ల గుడారం, నేల మీద పరిచిన మగ్గం ముందు కూర్చుని రంగు పట్టీలు నేసే ఆడవాళ్లు, ఒంటె జీను కట్టే తీరు, ఇలా అతి మామూలుగా కనిపించే పనులన్నీ ఆ ఫోటోల్లో ఉన్నాయి. చమురు ఎగుమతి మొదలై అప్పటికి పదేళ్లే. మరో తరం గడిచేసరికి ఆ గుడారాల బతుకు దాదాపు కనుమరుగైంది. ఆ ఫోటోలతో ఖతార్ బెదూయిన్ల మీద పుస్తకం 1993లో వచ్చింది. ఇవాళ ఎడారి జీవితం గురించి తెలుసుకోవాలనుకునే ఖతారీ యువతకు అది విలువైన ఆధారం. కాబట్టి బయటివారి కెమెరా అంటేనే చెడ్డదని నేననడం లేదు. కానీ ఇదే ఉదాహరణలో మరో సంగతీ ఉంది. ఫోటో తీయడానికీ, పుస్తకం రావడానికీ మధ్య 34 ఏళ్లు గడిచాయి. ఫోటోలో ఉన్నవారిలో ఎంతమంది ఆ పుస్తకం చూసి ఉంటారు? సేకరణ సకాలంలో జరగడం ఒక ఎత్తు, అది సొంతదారుల ఇంటికి చేరడం ఇంకో ఎత్తు. మొదటిది సాధించామని రెండోది మరచిపోకూడదు.

జ్ఞానానికి కంచెలు వేయకూడదు, బొమ్మ ప్రపంచానిది అనేది ఇంకో వాదన. వినడానికి ఉదారంగా ఉంటుంది. కానీ ఈ దేశంలో పనిచేస్తున్న తెలుగువారికి అనుమతి అనేది కొత్త మాట కాదు. ఖతార్‌లో ఎవరి ఫోటో అయినా అడగకుండా తీయడం మర్యాద కాదు. ఆడవాళ్ల విషయంలో మరీను. ఇతరుల ఏకాంతానికి భంగం కలిగించేలా ఫోటో తీస్తే ఇక్కడి శిక్షాస్మృతి దాన్ని నేరంగా చూస్తుంది. దోహాలోని సూక్ వాకిఫ్ బజారులో నడుస్తూ ఫోన్ పైకెత్తే ముందు ఎదుటివారి ముఖం చూసి అడగడం ఇక్కడ కొన్నాళ్లుంటే ఎవరికైనా అలవడుతుంది. దానివల్ల ఖతార్ గురించి ప్రపంచానికి తెలియకుండా పోయిందా? లేదు. ఒక మనిషి ముఖానికి ఇచ్చే గౌరవాన్ని ఒక సమాజం దైవంగా కొలిచే రూపానికి ఇవ్వడానికి అడ్డేమిటి? అడగడం వల్ల జ్ఞానం ఆగదు. మహా అయితే కొన్ని పేజీలు తగ్గుతాయి. మిగిలిన పేజీల్లో అబద్ధం తగ్గుతుంది.

ఇక మన బొమ్మల దగ్గరికి వద్దాం. కొండపల్లి బొమ్మ చేతికి తేలిగ్గా ఉంటుంది, ఎందుకంటే అది తెల్ల పొణికి చెక్క. చెక్కను ముక్కలుగా కోసి, సన్నని వేడి మీద తేమ పోయేదాకా ఆరబెడతారు. ఒంటె మెడ, ఏనుగు తొండం, అంబారీ, తాటిచెట్టు మట్టలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. అతుకులు కనపడకుండా నునుపు చేసి, సుద్ద పూత వేసి, దాని మీద రంగులు దిద్దుతారు. కచీనాకు తెల్లమట్టి ఎలాగో కొండపల్లికి సుద్ద అలాగ. రెండింట్లోనూ ఫోటోకు చిక్కేది పై రంగే. అడుగున ఉన్న పూత ఎవరు వేశారు, చెక్క ఎవరు చెక్కారు, రంగు దిద్దింది ఆ ఇంటి ఆడవాళ్లా అన్నది ఫోటో చెప్పదు. అక్షరమే చెప్పాలి. బొమ్మ పెట్టె మీద ఊరి పేరుంటుంది, అమ్మిన ఎంపోరియం పేరుంటుంది. చేసినవారి పేరు సాధారణంగా ఉండదు. నిర్మల్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వలస వచ్చిన కుటుంబాలు ఎన్నో. నిర్మల్ నుంచి మనిషి దోహాకు వచ్చాడు, నిర్మల్ బొమ్మ కూడా వచ్చి షోకేసులో కూర్చుంది. ఆ బొమ్మ చేసినవారి పేరు మాత్రం ఊళ్లోనే ఆగిపోయింది.

భౌగోళిక గుర్తింపు ఉంది కదా, ఇంకా పేరెందుకు అని అడగవచ్చు. కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక బొమ్మలకూ, చేర్యాల చిత్రాలకూ 1999 నాటి చట్టం కింద ఆ గుర్తింపు ఉన్న మాట నిజమే. అది మంచి రక్షణే. కానీ అది కాపాడేది ఊరి పేరును, అక్కడి పనివారందరి ఉమ్మడి హక్కును. ఫలానా ఇంటి ఫలానా చెయ్యిని అది గుర్తించదు, ఫోటో ఎవరు వాడుకుంటున్నారో పట్టించుకోదు. కుటుంబమంతా కలిసి చేసే పనికి ఒక్కరి పేరెలా వేస్తామన్నది దీని వెంటే వచ్చే ప్రశ్న. అలాంటప్పుడు కుటుంబం పేరు వేయండి, చెక్కిందెవరో, రంగులు వేసిందెవరో రాయండి. సినిమాకు పాతిక శాఖల పేర్లు వేయగలిగిన మనకు బొమ్మకు నాలుగు పేర్లు వేయడం కష్టమా? పేరు బయటపడితే దళారీ కోపగించుకుంటాడని భయపడేవారూ ఉంటారు, తమ పనికి పేరు అక్కర్లేదనుకునేవారూ ఉంటారు. వారి మాట కూడా మన్నించాలి. వద్దంటే వేయకండి. కానీ అడగకుండానే వద్దనుకున్నారని మనమే తేల్చేయడం తగదు.

కచీనాలు దైవాలు, మన బొమ్మలు అలంకార వస్తువులే కదా, ఆ నియమాలన్నీ మనకెందుకు అనేది అన్నిటికంటే తేలిగ్గా వచ్చే అభ్యంతరం. ఇది సగం నిజం. అంబారీ ఏనుగు ఫోటోకు ఏ పూజారి అనుమతీ అక్కర్లేదు. కానీ చేర్యాల పటం సంగతి అలా కాదు. నకాషీలు గీసే ఆ పటాలు కులపురాణాలు చెప్పడానికి పుట్టాయి. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెబుతారు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణం చెబుతారు. పటాన్ని గీసినవారు ఒకరు, కథ చెప్పేవారు ఒకరు, కథ ఎవరిదో వారు ఇంకొకరు. ఆ పటంలోంచి ఒక్క గడిని కత్తిరించి, ఎర్రటి రంగు బాగుందని పుస్తకంలో నిండు పేజీకి వేసి, కింద చేర్యాల చిత్రం అని మాత్రం రాస్తే కోల్టన్ అంకెకూ దానికీ తేడా లేదు. ఏ కథ, ఎవరి కోసం, ఎవరు గీశారు, ఎవరు చెప్పేవారు అన్న నాలుగు మాటలూ ఉంటేనే అది చేర్యాల పటం. లేకపోతే గోడకు అంటించే డిజైన్ కాగితం.

ఇక్కడి తెలుగు సంఘాలు దసరాకు, బతుకమ్మకు, సంక్రాంతికి కార్యక్రమాలు చేస్తాయి, సావనీర్లు వేస్తాయి. బొమ్మల కొలువుల ఫోటోలు వాటిలో ఎక్కడో ఒకచోట ఉంటాయి. మార్పు అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. సావనీర్లో అచ్చయ్యే ప్రతి హస్తకళ ఫోటో కింద చేసినవారి పేరు, ఊరు వేయాలన్న నియమం పెట్టుకుంటే చాలు, కొనేటప్పుడే ఆ పేరు అడగడం అలవాటవుతుంది. పెద్ద ఫోటో పుస్తకం తలపెట్టేవారు ఫోటోగ్రాఫర్‌తో ఒప్పందం రాసుకున్నట్టే కళాకారులతోనూ రాసుకోవాలి. ఏ ఫోటోలు వాడవచ్చో వారే చెప్పాలి, అమ్మకంలో వారికి వాటా ఉండాలి, పుస్తకం ముందుగా ఆ ఊరి బడికి చేరాలి. వచనం తెలుగులోనూ ఉండాలి. ఇంగ్లిష్‌లో మాత్రమే వేస్తే చేసినవారే చదవలేని పుస్తకమవుతుంది. గల్ఫ్‌లో పుట్టి పెరుగుతున్న మన పిల్లలకూ తెలుగు పుస్తకమే కావాలి. అలాంటి పుస్తకం ఒకటి వస్తే దోహాలోని ఖతార్ నేషనల్ లైబ్రరీకి ఒక ప్రతి ఇవ్వడం సంఘాలకు పెద్ద పనేమీ కాదు. ఇక లేపాక్షి, గోల్కొండ ఎంపోరియంలను నడిపే రెండు రాష్ట్రాల హస్తకళల సంస్థలు చేయాల్సింది మరీ చిన్న పని. ప్రతి బొమ్మ పెట్టెలో చేసినవారి పేరుతో ఒక చీటీ పెట్టాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.

హోపీ, జూనిలకు ఈ సంగతులు తెలుసుకునే అవకాశం ముందుగా రాలేదు. పుస్తకాలు వచ్చాక, బొమ్మలు చేయి జారాక, కోర్టులూ మ్యూజియాలూ తిరిగి నేర్చుకోవాల్సి వచ్చింది. మనకు ఆ అవసరం లేదు. వాళ్లు మూల్యం చెల్లించి నేర్చుకున్న పాఠం మన ముందుంది. కొండపల్లిలో, నిర్మల్‌లో, ఏటికొప్పాకలో, చేర్యాలలో చేసే చేతులు ఇంకా పనిలోనే ఉన్నాయి, అడిగితే పేరు చెప్పడానికి మనుషులున్నారు. ఈసారి సెలవులకు ఊరెళ్లి బొమ్మ కొనేవారంతా దుకాణంలో ధరతోపాటు చేసినవారి పేరు కూడా అడగండి. తెలియదంటే తెలుసుకుని చెప్పమనండి. పదిమంది అడిగితే దుకాణదారు రాసిపెట్టుకుంటాడు, వందమంది అడిగితే ప్రభుత్వం అచ్చు వేస్తుంది.